నాయక్ అన్న, కార్పొరల్ తమ్ముడు

ఒక ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరున్నారనుకోండి. ఊరు ఆలూరో, పులివెందులో మీ ఇష్టం. అన్న ఆర్మీలో సిపాయిగా చేరి, కొన్నేళ్ళు ఎండలో, మంచులో పనిచేసి 'నాయక్' అయ్యాడు. తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరం, ఎన్‌సీసీ ఆర్మీ వింగులో 'కార్పొరల్'. ఇద్దరి చొక్కా చేతికీ రెండేసి పట్టీలే. కానీ అన్న పని చేసే సైన్యంలో 'కార్పొరల్' అనే ర్యాంకే లేదు! తమ్ముడికి మూడో పట్టీ వస్తే 'సార్జెంట్' అవుతాడు, అన్నకి వస్తే 'హవల్దార్' అవుతాడు. అంటే ఒకే ప్రభుత్వం, ఒకే రక్షణ శాఖ, ఒకే పట్టీలు, పేర్లు మాత్రం రెండు రకాలు.

ఇందులో వింతేముంది, పిల్లల సంస్థ కదా ఏదో పేరు పెట్టుకున్నారు అనుకోవచ్చు. కానీ అదే తమ్ముడు ఎయిర్ వింగులో ఉంటే కథ మారిపోతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగులోనూ కార్పొరల్, సార్జెంటే. మన అసలు ఎయిర్‌ఫోర్సులోనూ కార్పొరల్, సార్జెంటే. అక్కడ లెక్క సరిపోయింది. ఆర్మీ దగ్గర మాత్రం తప్పింది. ఎందుకు? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే తేలేది ఒక పెద్ద కథ, అందులో మన కర్నూలు, కడపల పాత్ర కూడా ఉంది.

ముందు నిచ్చెనలు చూద్దాం. కింది మెట్టు నుంచి పైకి:

ఆర్మీ వింగు: క్యాడెట్, లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్, కంపెనీ క్వార్టర్‌మాస్టర్ సార్జెంట్, కంపెనీ సార్జెంట్ మేజర్, అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్.

ఎయిర్ వింగు: ఫ్లైట్ క్యాడెట్, లీడింగ్ ఫ్లైట్ క్యాడెట్, కార్పొరల్, సార్జెంట్, వారెంట్ ఆఫీసర్, అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్.

నేవీ వింగులో లీడింగ్ క్యాడెట్, పెటీ ఆఫీసర్ క్యాడెట్, పైన క్యాడెట్ కెప్టెన్ లాంటివి ఉంటాయి. నేవీ వాళ్ళ పేర్లూ అసలు నేవీకి దగ్గరే. కాబట్టి తేడా పాడా అంతా ఆర్మీ వింగులోనే.

ఇప్పుడు అన్న నిచ్చెన సంగతి. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. ఈ పేర్లు ఈస్టిండియా కంపెనీ తన దేశీ పటాలాలకి వాడినవి. కంపెనీ వాటిని కొత్తగా పుట్టించలేదు, ఇక్కడ అప్పటికే చెలామణీలో ఉన్నవి ఏరుకుంది. ఆ ఏరుకోవడంలో ప్రతి పేరునీ కిందికి లాగేసింది. అదే నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది.

'నాయక్' సంగతే తీసుకోండి. నాయకుడు. విజయనగర కాలంలో అమరనాయకుడంటే సీమని ఏలుకుంటూ, దానికి బదులుగా రాయలవారికి సైన్యాన్ని పోషించి పెట్టేవాడు. గండికోట పెమ్మసాని నాయకులని కడప వాళ్ళకి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. పెన్నా లోయ అంచున ఆ కోట చూసినవాళ్ళకి 'నాయకుడు' అంటే ఎంత బరువైన మాటో అర్థమౌతుంది. 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా ఆ కోటని పట్టుకునేదాకా వాళ్ళు అక్కడ రాజులే, పేరుకి తప్ప. అలాంటి మాట కంపెనీ పటాలంలోకి వచ్చేసరికి రెండు పట్టీల ఉద్యోగం!

'హవల్దార్' కూడా అంతే. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో హవల్దారంటే ఒక కోటకో, రేవుకో అధికారి. మచిలీపట్నం హవల్దారు దర్శనం కోసం డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కానుకలు పట్టుకుని తిరిగారు. తరవాత వాళ్ళ సైన్యంలోనే ఆయన మూడు పట్టీల వాడయ్యాడు.

ఇక 'సుబేదార్'. సుబా అంటే రాష్ట్రం. దక్కను సుబేదారంటే నిజామే. మా సీమకి ఈ పదవితో ఒక ఘనమైన (అంటే భయంకరమైన) సంబంధం ఉంది. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ అనే దక్కను సుబేదారు కర్నూలు, కడప నవాబుల కుట్రలో హతమయ్యాడు. ఆయన స్థానంలో వచ్చిన ముజఫర్ జంగ్‌తో అదే నవాబులకి పంపకాల దగ్గర చెడి, 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర జరిగిన పోరులో ఆయనా పోయాడు, కర్నూలు నవాబూ పోయాడు. రెండు నెలల్లో ఇద్దరు సుబేదార్లు! అంత పెద్ద పదవి పేరు ఇవాళ సైన్యంలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుది. 'జమేదార్' పరిస్థితి ఇంకా ఘోరం. ఆఫీసుల్లో బంట్రోతులకీ, ఊడ్చేవాళ్ళ మీద పెత్తనం చేసేవాళ్ళకీ ఆ పేరు అంటుకోవడంతో సైన్యంలో వినడానికే బాగాలేక 1965లో దాన్ని నాయబ్ సుబేదార్‌గా మార్చారు.

బ్యాంకుల్లో పనిచేసే మన మిత్రులకి ఇది వెంటనే తెలిసిపోతుంది. ఒకప్పుడు వైస్ ప్రెసిడెంటంటే కంపెనీకి ఒకడో ఇద్దరో. ఇప్పుడు ఒక్క ఫ్లోరులో నలభైమంది ఉంటారు. పదవి పేరు అరిగిపోవడం కొత్తేమీ కాదు, కంపెనీవాళ్ళు (పాత కంపెనీ, ఈస్టిండియా) ఎప్పుడో చేసి చూపించారు. తేడా ఏమిటంటే ఇక్కడ అరగడం కాదు, అరగదీయడం. ఎంత పెద్ద సుబేదారైనా నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల కుర్రాడి కిందే. పేర్లు మనవి, పెత్తనం వాళ్ళది.

సరే, తమ్ముడి నిచ్చెన ఎక్కడిది? అది తెల్లవాళ్ళ పటాలాలది. బ్రిటిష్ సైన్యంలో లాన్స్ కార్పొరల్, కార్పొరల్, సార్జెంట్, కంపెనీ సార్జెంట్ మేజర్ ఇప్పటికీ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో యూనివర్సిటీ కోర్ పెట్టారు. 1920 చట్టంతో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. రెండో యుద్ధంలో, 1942లో, యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ అని పేరు మార్చారు. ఆ చివరి పేరులో 'ఆఫీసర్స్' అనే మాట గమనించండి. కాలేజీ చదువుకున్నవాడు సిపాయిగా చేరడు, చేరితే ఆఫీసరుగానే అన్నది అందులోని ఆలోచన. 'అండర్ ఆఫీసర్' అన్న పేరు కూడా ఆఫీసర్లని తయారుచేసే అకాడమీలదే. ఇవాళ్టికీ డెహ్రాడూన్ అకాడమీలో శిక్షణ పొందేవాళ్ళలో అండర్ ఆఫీసర్లుంటారు.

స్వాతంత్ర్యం దగ్గర్లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సుల మీద 1948 ఏప్రిల్‌లో ఎన్‌సీసీ చట్టం వచ్చింది. మొదటి డైరెక్టరు కల్నల్ గోపాల్ గురునాథ్ బేవూర్, తరవాత 1973లో సైన్యాధిపతి అయింది ఆయనే. మొదలైనప్పుడు క్యాడెట్లు ఇరవై వేలు. 1949లో అమ్మాయిల డివిజన్ పెట్టారు. చట్టం మారింది, జెండా మారింది, 1950లో గణతంత్రం వచ్చాక సైనిక చిహ్నాల్లో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కానీ ర్యాంకుల పేర్లు ట్రైనింగ్ కోర్ నాటివే ఉండిపోయాయి. కాలేజీ కుర్రాడు కార్పొరల్, పల్లె కుర్రాడు నాయక్. ఎవరూ కూర్చుని కావాలని ఇలా నిర్ణయించి ఉండరనే నా ఉద్దేశం. పాత కోడ్‌ని కొత్త సిస్టంలోకి కాపీ చేసినప్పుడు వేరియబుల్ పేర్లు ఎవరు మారుస్తారు చెప్పండి? పనిచేస్తోంది కదా అని వదిలేస్తాం. కానీ ఆ పేర్లలో మొదట రాసినవాడి అభిప్రాయాలు మిగిలిపోతాయి.

మన ప్రాంతంలో కాలేజీ చదువులూ ఎన్‌సీసీ దాదాపు ఒకేసారి పుట్టాయి. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కాలేజీ పెట్టింది 1947లో. కడపలో ప్రభుత్వ కాలేజీ వచ్చింది 1948లో. అందుకని మా సీమలో మొదటి తరం గ్రాడ్యుయేట్లకి కాలేజీ అన్నా, పొద్దున్నే పరేడన్నా ఒకే జ్ఞాపకం. చైనా యుద్ధం తరవాత 1963లో ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు, 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. ఆ అయిదేళ్ళలో చదివిన పెద్దాయన ఎవరైనా మీ ఇంట్లో ఉంటే 'దాహినే ముడ్' అని చూడండి, డెబ్భై ఏళ్ళు దాటినా కాలు కదులుతుంది. ర్యాంకు ఇంగ్లీషులో, కమాండు హిందీలో, తిట్లు మాత్రం శుభ్రమైన సీమ తెలుగులో. జాతీయ సమైక్యత అంటే ఇదేనేమో :)

ఇప్పుడు ఎయిర్ వింగు. అక్కడ లెక్క ఎలా సరిపోయింది?

బ్రిటిష్ వాయుసేన 1918 ఏప్రిల్ 1న పుట్టింది. మొదటి ఏడాది పైగా ఆర్మీ ర్యాంకులతోనే నెట్టుకొచ్చి, 1919 ఆగస్టులో సొంత పేర్లు పెట్టుకుంది. ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్ వగైరా. ఫ్లైట్, స్క్వాడ్రన్, వింగ్ అన్నవి దళాల పేర్లు. కాబట్టి అవి అప్పట్లో ర్యాంకులు కావు, దాదాపు పని వివరాలు. కింది మెట్లకి మాత్రం ఆర్మీ నుంచి తెచ్చుకున్న కార్పొరల్, సార్జెంటే ఉంచారు.

భారత వాయుసేన చట్టబద్ధంగా 1932 అక్టోబరు 8న ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న మొదటి స్క్వాడ్రన్ కరాచీలో మొదలైనప్పుడు ఉన్నది నాలుగు వపీటీ విమానాలు, ఆరుగురు ఆఫీసర్లు, పంతొమ్మిది మంది కింది సిబ్బంది. ఆ పంతొమ్మిది మందిని ఏమని పిలిచారో తెలుసా? 'హవాయీ సిపాయి'! అంటే వాయుసేనలోనూ రెండు నిచ్చెనల పద్ధతి మొదలవ్వబోయింది. కానీ అది నిలవలేదు. ఆర్మీలో సిపాయి అన్న పేరు వెనక రెండొందల ఏళ్ళ రెజిమెంట్ల చరిత్ర ఉంది, కదపడం కష్టం. వాయుసేనకి అలాంటి పాత సామాను లేదు. అంతా కొత్త, అంతా బ్రిటిష్ వాయుసేన నకలు. హవాయీ సిపాయి పోయి ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, కార్పొరల్, సార్జెంట్ వచ్చాయి.

1950 ఏప్రిల్ 1న ఎన్‌సీసీ ఎయిర్ వింగు బొంబాయిలో ఒకటి, కలకత్తాలో ఒకటి, రెండు స్క్వాడ్రన్లతో మొదలయ్యేనాటికి పిల్లలకీ పెద్దలకీ ఒకటే నిచ్చెన సిద్ధంగా ఉంది. బ్రిటన్‌లో 1941లో మొదలైన ఎయిర్ ట్రైనింగ్ కోర్‌ని చూస్తే అక్కడా ఇదే వరస: క్యాడెట్, కార్పొరల్, సార్జెంట్, ఫ్లైట్ సార్జెంట్, వారెంట్ ఆఫీసర్. మన లీడింగ్ ఫ్లైట్ క్యాడెట్, వాయుసేన లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్‌కి తమ్ముడు. అలా ఎయిర్ వింగులో అన్నదమ్ముల పేర్లు కలిశాయి.

పేర్లు కలిశాయి గానీ అర్థాలు నిలిచాయా అంటే అదీ లేదు. ఇవాళ స్క్వాడ్రన్ లీడర్ స్క్వాడ్రన్‌ని నడపడు. దానికి వింగ్ కమాండరో గ్రూప్ కెప్టెనో ఉంటారు. పైలట్ ఆఫీసర్ అనే అట్టడుగు ఆఫీసర్ మెట్టుని తీసేసి అందర్నీ నేరుగా ఫ్లయింగ్ ఆఫీసర్లని చేస్తున్నారు. 2004లో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు అమలయ్యాక పదమూడేళ్ళ సర్వీసుంటే చాలు వింగ్ కమాండర్. టీమే లేని టీమ్ లీడులూ, ఆర్కిటెక్చర్ ముట్టుకోని ఆర్కిటెక్టులూ మన దగ్గరే ఉన్నారనుకోకండి.

ఇక గుర్తుల సంగతి. పట్టీ, బిళ్ళ, డవాలీ. మన ప్రాంతంలో అధికారం ఎప్పుడూ కంటికి కనబడేదే. కలెక్టరాఫీసు బిళ్ళ బంట్రోతు అసలు పేరు ఎవరికీ తెలియకపోయినా, డవాలీ మీద మెరిసే ఇత్తడి బిళ్ళకి ఊరంతా లేచి నిలబడేది. మూడు పట్టీలుంటే హెడ్డు కానిస్టేబులు, రెండు నక్షత్రాలుంటే ఎస్సై, మూడుంటే సీఐ. ఇది బడికెళ్ళనివాడికి కూడా వచ్చిన లెక్క. ఎన్‌సీసీ సార్జెంటు యూనిఫారంలో బస్సెక్కితే కండక్టరు 'సార్' అనడం వెనక ఉన్నది ఈ లెక్కే.

కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మా ఊళ్ళలో అధికారం గుర్తుల్లో చాలా భాగం పుట్టుకతో వచ్చేవి. నాయకుడి కొడుకు పాళెగాడు, రెడ్డి కొడుకు రెడ్డి, కరణం కొడుకు కరణం, తలారి కొడుకు తలారి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల పదవులనే రద్దు చేసింది. కాగితం మీద పోయాక ఊళ్ళో ఎంతకాలం నడిచిందో సీమవాళ్ళకి నేను చెప్పాలా? అలాంటి చోట ఎన్‌సీసీ పట్టీ ఒక వింత వస్తువు. అది తండ్రి నుంచి రాదు, కొడుక్కి పోదు. పరేడ్‌కి రావాలి, క్యాంపులకి పోవాలి, గొంతు చించుకుని కమాండ్ ఇవ్వాలి. రెండుమూడేళ్ళలో కోర్సు అయిపోగానే విప్పి స్టోర్స్‌లో ఇచ్చెయ్యాలి. మరుసటేడు అదే పట్టీ ఇంకొకడి చేతి మీద ఉంటుంది. తలారి మనవడు 'సావధాన్' అంటే రెడ్డి మనవడు మడమలు దగ్గరికి చేర్చాలి. వాడి ముందు ఊళ్ళో కుర్చీలో కూర్చోలేని కుర్రాడు మైదానంలో వాడిని నిలబెట్టాడు. వారానికి రెండు గంటలే కావచ్చు. మా సీమలో రెండు గంటలు కూడా చిన్న విషయం కాదు.

నేను చదివిన కాలేజీలో ఆర్మీ వింగు ఒక్కటే ఉండేది. సీనియర్ అండర్ ఆఫీసరుగా ఉన్నవాడి ఇంట్లోవాళ్ళు ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసమే ఎన్‌సీసీలో చేరానని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతూ చెప్పినా అది అబద్ధం కాదని అందరికీ తెలుసు. బూట్లు, బెల్టు, బ్రాసోతో తోమిన బకిలు, భుజం మీద ఆ గుర్తు. కాలేజీలో వాడి నడకే వేరుగా ఉండేది. విమానమంటే వాడికి గాని, నాకు గాని, తల ఎత్తి చూసేదే.

ఇక్కడే నాకున్న అసలు బాధ. ర్యాంకు పేరు 'నువ్వు రేపటి ఆఫీసరువి' అని చెబుతుంది. కానీ నేను చూసినంతలో మా వైపు క్యాడెట్లు ఎక్కువగా పోయేది కానిస్టేబులు ఉద్యోగానికో, సిపాయి భర్తీకో. 'సి' సర్టిఫికెట్‌కి అక్కడ వచ్చే బోనస్ మార్కులే వాళ్ళ లక్ష్యం. అందులో తప్పేం లేదు, ఇల్లు నిలబెట్టే ఉద్యోగాలవి. కానీ అదే సర్టిఫికెట్ ఎయిర్ వింగుదైతే వాయుసేన ఆఫీసర్ల ఖాళీల్లో పది శాతం ప్రత్యేక కోటా ఉంది. రాత పరీక్ష లేకుండా నేరుగా సెలక్షన్ బోర్డు ముందుకి వెళ్ళొచ్చు. ఇంగ్లీషు మీడియం కోచింగ్ కొనుక్కోలేని పిల్లవాడికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆ దారి మొదలయ్యేది మాత్రం ఎయిర్ స్క్వాడ్రన్ ఉన్న చోటే. ఎయిర్ స్క్వాడ్రన్ కావాలంటే రన్‌వే కావాలి, మైక్రోలైట్ కావాలి, నేర్పే అధికారి కావాలి. అందుకే అవి బొంబాయి, కలకత్తాల్లో మొదలయ్యాయి. (ఎన్‌సీసీకి ఇచ్చిన మైక్రోలైట్ పేరు 'వైరస్'. మనవాళ్ళెవరూ ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఒప్పుకోరు.)

2020 ఆగస్టు 15న ప్రధాని ఎన్‌సీసీ విస్తరణ ప్రకటించారు. 173 సరిహద్దు, తీర జిల్లాల్లో లక్షమంది కొత్త క్యాడెట్లు. మంచిదే. కానీ కర్నూలుకి సముద్రమూ లేదు, శత్రుదేశమూ లేదు. కడపకీ అంతే. వానా లేదు, తీరమూ లేదు, సరిహద్దూ లేదు. ఏ పథకానికైనా మనం మధ్యలో మిగిలిపోతాం. 2024లో దేశం మొత్తం మీద ఇంకో మూడు లక్షల సీట్లకి అనుమతి వచ్చింది, బలం ఇరవై లక్షలకి చేరుతుందన్నారు. ఈసారైనా మన వంతు అడగడానికి మన దగ్గర ఒకప్పుడు లేనివి రెండున్నాయి. కడప నుంచి 2015లో విమానాలు మొదలయ్యాయి. ఓర్వకల్లు దగ్గర కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. రోజుకి ఎన్ని విమానాలు దిగుతాయన్నది పక్కన పెట్టండి. రన్‌వే ఖాళీగా ఉండటం శిక్షణకి లోపం కాదు, వరం.

ఆ ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. పాళెగాళ్ళ వంశంలో పుట్టి, కంపెనీ ఇచ్చే నెలకి పదకొండు రూపాయల చిల్లర పింఛనుకి కుదించబడినవాడు. 1846లో ఆయన తిరగబడినప్పుడు వెంట నడిచిన కట్టుబడి బంట్రోతులు కూడా కంపెనీ లెక్కల్లో తమ మాన్యాలూ మర్యాదలూ పోగొట్టుకున్నవాళ్ళే. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. నాయకుల్ని రెండు పట్టీలకి దించిన అదే ప్రక్రియ ఇది, అటు వైపు నుంచి చూస్తే. మనిషికి ఉన్న హోదాని ఎవరో ఎక్కడో కూర్చుని కాగితం మీద మార్చేస్తే ఏమవుతుందో మా సీమకి బాగా తెలుసు.

అందుకే 2022 నాటి అగ్నిపథ్‌ని నేను ర్యాంకుల వైపు నుంచి కూడా చూస్తాను. వాయుసేనలో చేరే కుర్రాడు ఇప్పుడు 'అగ్నివీర్ వాయు'. 1933లో హవాయీ సిపాయి, 2022లో అగ్నివీర్ వాయు. దాదాపు తొంభై ఏళ్ళకి మళ్ళీ దేశీ పేరు వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, చివర్లో సుమారు 11.71 లక్షలు, అందులో పాతిక శాతం మందికి మించి కొనసాగింపు లేదు. ఇప్పుడున్న ర్యాంకులన్నిటికీ వేరుగా వాళ్ళకి ప్రత్యేక ర్యాంకు, ప్రత్యేక గుర్తు. మెడలో ట్యాగు రంగుని బట్టి పర్మనెంటో కాంట్రాక్టో తెలిసిపోయే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళం మనం. ఆ రంగు క్యాంటీన్‌లో ఎవరు ఎవరితో కూర్చుంటారో కూడా ఎలా తేలుస్తుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. పథకం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. గుర్తు వేరుగా పెట్టినప్పుడు రెండు నిచ్చెనల పాత అలవాటు మళ్ళీ తలెత్తిందేమో అన్నదే నా అనుమానం.

పేర్లు ఇంగ్లీషులో ఉండాలా, దేశభాషల్లో ఉండాలా అన్నది నాకు పెద్ద విషయం కాదు. కార్పొరల్‌ని నాయక్ చేసినంత మాత్రాన తమ్ముడికి ఒరిగేదేం లేదు. నిచ్చెన ఒకటే ఉందా రెండున్నాయా, కింది మెట్టు మీద కాలు పెట్టడానికి పత్తికొండ పిల్లవాడికీ జమ్మలమడుగు పిల్లకీ చోటుందా, ఇవి అడగాల్సిన ప్రశ్నలు. ఈ వ్యాసం చదివే మీలో కర్నూలు, కడపల్లో చదివి బయటికి వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. మీ పాత కాలేజీలకి కంప్యూటర్లు ఇస్తున్నారు, స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్‌ని ఇంకొక్క మాట కూడా అడగండి: ఎయిర్ వింగుకి దరఖాస్తు పెట్టారా అని.